బైబిలు మొదటి పేజీ

జూన్ 4

అఖిల మళ్లీ వచ్చింది. లాలాగూడ నుంచి యుద్ధానికి పోయినవాళ్ల గురించి మా చర్చి హాల్లో ప్రదర్శన పెడుతున్నారు, ఆ పని చూసే పిల్ల. మా తాత రైల్వే కార్ఖానాలో ఫిట్టరు, రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు వేయడానికి ఇరాక్‌లోని బస్రా పోయాడు. అందుకని మా ఇంటి మీద పడింది. నాన్నకు పండగే. ఎనభై దాటాక చెవి ఒగ్గే మనిషి దొరికింది మరి. వాళ్ల నాన్న టోపీ, పతకం, ఓడ ఎక్కేముందు రాసిన కార్డు, అన్నీ పరిచేశాడు. నాకే మింగుడు పడటం లేదు. ఉత్తపుణ్యానికి ఎవరైనా ఇంతసేపు వింటారా?

జూన్ 5

అన్నీ సరిచూసుకున్నాను. పతకం ఉంది. టోపీ కూడా.

జూన్ 9

ఇవాళ కుటుంబ బైబిలు అడిగింది. మొదటి పేజీలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు — అన్నీ తాత రాతే. ఫోన్లో ఫోటో తీసుకుంది. తన నోట్‌బుక్ చూసింది, మళ్లీ ఫోటో చూసింది. నవ్వు మాయం. ఏమైందమ్మా అంటే ఏం లేదాంటీ అంది. టీ సగంలో వదిలేసి పోయింది. ఏం లేకపోతే టీ ఎందుకు వదులుతుంది?

జూన్ 10

తాత మిలిటరీ కాగితాలు నేనే ముందేసుకున్నాను. ఓడ ఎక్కిన నాలుగో ఏట తిరిగొచ్చాడు. మధ్యలో ఒక్క సెలవు లేదు. బైబిలు పేజీ ప్రకారం నాన్న పుట్టింది మూడో ఏట.

ఛీ. నాకు జడలల్లిన నానమ్మ గురించి ఇదా ఆలోచన. ఆలోచన ఆగడం లేదు.

జూన్ 12

మోండా మార్కెట్లో కూరలు తీసుకుంటుంటే చర్చి రత్నమ్మక్క ఎదురైంది. ఆదివారం ప్రదర్శనలో మీ నాన్నదే పెద్ద బోర్డట, ఆయన మాట్లాడతాడట కదా అని నవ్వింది. ఆ నవ్వేమిటి? ఎప్పుడూ అలాగే నవ్వుతుందేమో... బెండకాయలు ముదురువి పడ్డాయి.

జూన్ 13

అఖిల ఫోన్. "ఆంటీ, ఆ బైబిల్ పేజీ బోర్డు మీద పెట్టాల్నా, వద్దా? మీరెట్లంటే అట్లనే." జాలి పడుతోంది. దొంగ అయినా బాగుండేది. కాగితాలు, పేజీ పక్కపక్కన పెడితే చర్చి అంతా చదువుతుంది, నాన్న వాటి ముందే నిలబడి మాట్లాడాలి. రేపు చెబుతానన్నాను.

జూన్ 14

పాస్టరుగారిని అడిగాను, ఎవరి ఇంటి సంగతో అన్నట్టు. వెనకట కొందరు బైబిల్లో పుట్టిన రోజు బదులు బాప్తిస్మం ఇచ్చిన రోజే రాసుకునేవారట. ప్రాణం లేచి వచ్చింది! అంతే అయి ఉంటుంది. పాత రిజిస్టరులో రెండు తేదీలూ ఉంటాయి, రేపు బీరువా తీస్తానన్నారు. ఎవరి ఇల్లో ఆయన అడగలేదు. ఎందుకు అడగలేదు?

జూన్ 15

బీరువా తీయించలేదు.

పొద్దున టిఫిన్ దగ్గర మామూలుగానే అన్నాను — చర్చి రిజిస్టరులో మీ పుట్టిన తేదీ ఒకసారి సరిచూద్దామా అని. నాన్న చెయ్యి ప్లేటులోనే ఆగింది. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను. తర్వాత నా వైపు చూడకుండా, "బస్రాకెల్లి వచ్చినంక మా నాయిన కూసొని తన చేత్తోని నా పేరు రాసిండు. రాయమని ఎవ్వరు జబర్దస్తీ చెయ్యలే" అన్నాడు. మిగిలిన ఇడ్లీ తిని లేచాడు.

అంటే నాన్నకు తెలుసు. ఎప్పటి నుంచి? ఎవరు చెప్పారు? ఏడుపొచ్చింది, వంటింట్లోకి పోయాను. ఇన్నాళ్లూ అందరినీ అనుమానించాను, ఈయన్ని తప్ప.

అఖిల రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పేజీ పెట్టమనాలా, వద్దనాలా...

నాన్న ముందుగదిలో ఆదివారం మాట్లాడాల్సింది పైకి చదువుకుంటున్నాడు. "మా నాయిన" దగ్గర ఆగుతున్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు.