మార్నీ దించని తుపాకీ

తమ్ముడు క్లైడ్‌కి,

మన మార్నీ కళ్ళు తెరిచిందిరా! నా కూతురు బతికింది, ఎలుగుబంటి చచ్చింది!

వేటలో కొట్టిన దుప్పిని కోస్తుంటే నెత్తుటి వాసనకి పొదల్లోంచి వచ్చి మీద పడిందిరా. మార్నీ పేల్చిన మొదటి గుండుకి దాని దవడ చితికి వేలాడింది, అయినా ఆగలేదు. పిల్లని పడేసి తొడ ఎముక కనబడేలా చీల్చింది. నేను కత్తితో పొడుస్తూనే ఉన్నాను, దానికి దోమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు కిందపడే పిల్ల పేల్చిన రెండో గుండు దాని గొంతులోంచి దూసుకుపోయింది. ఆ నెత్తురంతా పిల్ల మీదే.

నువ్వు చూసి నవ్విన చవక తుపాకీయేరా అది! "అన్నయ్యా, తలుపుకి అడ్డం పెట్టుకో" అన్నావు. నీ దానిలాంటి పెద్ద తుపాకీ భుజాన్ని తంతే, కొత్తపిల్ల రెండోసారి పేల్చడానికే జడుస్తుందని ఈ తేలికది కొన్నాను. వంటింట్లో ఖాళీ తుపాకీ ఇచ్చి రోజూ చెప్పేవాణ్ణి: "పేల్చగానే దించకమ్మా. భుజం మీదుండగానే బోల్టు లాగి మూసెయ్, రెండో గుండు ఎక్కుతుంది, తగిలిందో లేదో తర్వాత చూద్దువు."

ఇవాళ కళ్ళు తెరవగానే, "నాన్నా, నేను దించలేదు" అంది. ఆసుపత్రి అని కూడా చూడకుండా భోరుమన్నానురా.

వెర్నా అక్కకి చెప్పు, మిసూలాలో పిన్నికి చెప్పు, హార్లన్ బావకి చెప్పు. ఆ తలుపు మాట చెప్పి ఎవరెవర్ని నవ్వించావో, వాళ్ళందరికీ చెప్పు.

నీ అన్నయ్య