పలకని సెంట్రీ

చిత్తూరు,
మార్చి 1979.

ప్రియమైన భారతికి,

నీ వరదయ్య బావ రాసేది. ఇక్కడ ఒళ్లు బాగుంది, మనసే బాగాలేదు. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? మగ్గం మీద నువ్వొక్కదానివే కూర్చుంటున్నావా?

ఇల్లు ఇంకా దొరకలేదు. ఈ ఊళ్లో ఖాళీ ఇళ్లు లేక కాదు, ఖాకీ బట్టలు చూడగానే ఉన్న ఇల్లు కూడా లేకుండా పోతుంది. నిన్న కొంగారెడ్డిపల్లెలో ఒకాయన గది చూపించి, మంచినీళ్లిచ్చి, ఏం పని చేస్తావని అడిగాడు. కానిస్టేబుల్ని, జిల్లా ట్రెజరీ దగ్గర కాపలా అన్నాను. “పోలీసోళ్లకు ఇల్లిస్తే మళ్లా కాళీ సేయించేదానికి యాడికి పోవాలప్పా? టేషన్లో ఉండేది గూడా మీరే గదా!” అన్నాడు. ఆయన మాటా నిజమే అనిపించి నవ్వొచ్చింది. బ్యారక్‌కు తిరిగొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. క్వార్టర్స్ కోసం నాకంటే ముందు చాలామంది ఉన్నారు.

సర్కారు సొమ్ముకు కాపలా కాసేవాణ్ణి, కట్టుకున్నదానికి ఒక గది చూపించలేకపోతున్నాను. ఇంకొంచెం ఓర్చుకో.

ధ్యాసంతా నీ మీదే ఉన్న
బావ.


నగరి,
ఏప్రిల్ 1979.

ప్రియమైన బావకు,

భారతి రాసుకున్న మాటలు. ఇల్లు దొరకలేదని ఈసారీ రాశావు. నీ ఉత్తరం విప్పకముందే ఆ మాట నాకు కనబడుతుంది.

అత్త బాగానే ఉంది. నొప్పి మోకాళ్లకే, నోటికి కాదు. “తీసకపోయేవోడైతే ఈపాటికి తీసకపోయుండడా? చిత్తూరులో ఆడోళ్లను సూసి సూసి వానికి ఈ పిల్ల ఆనదు” అని నిన్న కొళాయి కాడ నలుగురిలో అనేసింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి నూలు చుట్టుకుంటూ ఏడ్చాను.

పెళ్లయి రెండో ఏడు నడుస్తోంది. నీ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే టోపీ గుర్తుకొస్తోంది. అందుకని నేనే ఒకసారి వస్తాను. ఇల్లు లేకపోతే లేదు, చూసి వెళ్లిపోతాను. నేనంటే నీకు ఇష్టమో కాదో నీ ముఖం చూస్తే తెలిసిపోతుంది. వద్దని రాయకు. అది అందేలోపల బయలుదేరి ఉంటాను.

నీదాన్నే అనుకుంటున్న
భారతి.


చిత్తూరు,
ఏప్రిల్ 1979.

ప్రియమైన భారతికి, కోపంతో ఉన్న భారతికే,

నువ్వొచ్చావు. నేను చూశాను. చూడలేదని నువ్వు అనుకున్నావు.

ట్రెజరీ గేటు దగ్గర సెంట్రీగా నిలబడినవాడు ఎవరితోనూ మాట్లాడకూడదు, తల తిప్పకూడదు. హెడ్ కానిస్టేబుల్ వచ్చి ఇంకొకణ్ణి నిలబెట్టేదాకా కదలకూడదు. పోయిన నెలే, శెనక్కాయలమ్మే ఆమెతో మాట్లాడాడని ఒకణ్ణి సస్పెండు చేశారు. అందులోనూ ఆరోజు జీతాల సొమ్ము పెట్టెలు బయటికి పోతున్నాయి. ఇన్‌స్పెక్టరు లోపలే ఉన్నాడు.

“బావా, నేనొచ్చినా. ఇట్లా సూడు” అన్నావు. కాసేపుండి “నేనెవురో తెలీదా?” అన్నావు. పింఛనుకని వచ్చిన ముసలోళ్లు పకపకా నవ్వారు. నీ కుడికాలి చెప్పు తెగి ఉంది. పచ్చచీర కొంగు తడిసి ఉంది. తల తిప్పకుండానే అన్నీ చూశాను. చేతిలో ఉన్న గిన్నె గేటు పక్కన పెట్టి వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయావు.

డ్యూటీ దిగగానే తుపాకీ అప్పజెప్పి బస్టాండుకు పరుగెత్తాను. పుత్తూరు మీదుగా నగరి పోయే బస్సు అప్పటికే పోయింది. ఆ గిన్నెలో నువ్వు తెచ్చిన తీపి ఓళిగలు అక్కడే కూర్చుని తిన్నాను. అందరూ చూస్తున్నా ఏడుపు ఆగలేదు.

తిట్టయినా సరే, ఒక్క ముక్క రాయి.

నీకు పలకలేకపోయిన
బావ.


చిత్తూరు,
జూన్ 1979.

ప్రియమైన భారతికి,

నగరికి రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. నువ్వు పుట్టింటికి వెళ్లిపోయావని అమ్మ రాయించింది. సెలవు పెట్టి పుత్తూరు వచ్చాను. నువ్వు అక్కడా లేవు. మీ అమ్మ అన్నం పెట్టింది గానీ ఆచూకీ చెప్పలేదు. “బిడ్డ బాగుండాది నాయనా. యాడుండేదీ సెప్పొద్దనింది. నన్ను అడగొద్దు” అంది.

భారతీ, కట్టుకున్నది వచ్చి పిలిస్తే పలకలేని ఉద్యోగం నాకెందుకు? సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. కాగితం రాసి పెట్టుకున్నాను. నగరికొచ్చి మగ్గం మీద కూర్చుంటాను. నువ్వు పిలిచినా పిలవకపోయినా పలుకుతాను.

ఈ ఉత్తరం మీ అమ్మకే పంపుతున్నాను. ఎక్కడున్నా నీకు చేరుస్తుందని ఆశ.

నీ కోసం దారులు చూస్తున్న
బావ.


చిత్తూరు,
జూన్ 1979.

ప్రియమైన బావకు,

పైన ఊరి పేరు పొరపాటున రాసింది కాదు. నేను చిత్తూరులోనే ఉన్నాను.

నీ ఏప్రిల్ ఉత్తరం నేను నమ్మలేదు. ఎంతైనా పోలీసు మాట కదా! నిజమో కాదో చూద్దామని అమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాను. ట్రెజరీకి ఎదురుగా గంగులమ్మక్క ఇడ్లీ అంగడి ఉంది చూడు, దాని తడిక వెనక కూర్చున్నాం. ఎవరో పెద్దమనిషి కారు దిగొచ్చి నిన్ను ఏదో అడిగాడు. నువ్వు పలకలేదు. ఒక చంటిది వచ్చి నీ బూటు పట్టుకుని లాగింది. దానికీ పలకలేదు. అప్పుడు నా కోపం పోయింది.

కోపం పోయాక లేచి రావాలి కదా, రాలేదు. ఎందుకో చెబితే నవ్వకు. నువ్వు ఇంటికొస్తే పగలంతా అత్త ముందు నేను తలెత్తకూడదు. రాత్రయితే దీపం నువ్వే ఆర్పేస్తావు. కట్టుకున్నవాణ్ణి ఇన్నాళ్లకు కడుపునిండా చూసుకున్నది ఆ తడిక సందులోంచే. ఎండ పడితే నీ కుడికన్ను కాస్త చిన్నదవుతుంది, నీకు తెలుసా? అమ్మ ఊరికి పోయింది. నేను ఉండిపోయాను. పొద్దునే గంగులమ్మక్కకు పిండి రుబ్బుతాను, వెనక గదిలో పడుకుంటాను. మీ గార్డు కుప్పయ్య పట్టుకుపోయే ఇడ్లీలు నేను పోసినవే బావా.

నిన్ను ఇంత ఏడిపించి నోరు మూసుకున్నానంటే దానికో కారణం ఉంది. గంగులమ్మక్కకూ పోలీసంటే పడదు. నా మొగుడు ఏం చేస్తాడని అడిగితే, “సర్కారు తలుపు కాడ నిలబడే పని” అని తప్పించుకున్నాను. మంచి వేళ చూసి, ఆ వెనక గది మనిద్దరికీ అద్దెకిమ్మని అడుగుదామని కాచుకున్నాను. ఇంతలో నిన్న ఆమే పట్టుకుంది.

“ఏం పాపా, దినామూ పరాయి మొగోణ్ణి అట్లా సూస్తా ఉండావే, సిగ్గులేదా?”

“పరాయోడు కాదక్కా, నా మొగుడే.”

“ఆయప్పా? ఆయప్పకు నోరుండాదా? ఇన్నాళ్లూ మూగోడనుకుంటినే!” అని కూర్చుండిపోయింది. మళ్లీ తనే, “పో, రమ్మను. నోరు లేని పోలీసోడికైతే ఇల్లిస్తా” అంది.

ఆ వెనకే నీ ఉత్తరం అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఈ జవాబు అంగడి పిల్లోడి చేత కుప్పయ్యకు పంపుతున్నాను.

రాజీనామా కాగితం పొయ్యిలో పెట్టు. నువ్వు మగ్గం మీద తల వంచుకుని కూర్చుంటే నీ ముఖం నాకెక్కడ దొరుకుతుంది? రేపు నువ్వు గేటు దగ్గర నిలబడే వేళకు ఇక్కడ తడిక తీసేసి అరుగు మీద కూర్చుంటాను. నువ్వు తల తిప్పొద్దు, పలకొద్దు. హెడ్డు వచ్చి నిన్ను దించేదాకా నేనే చూస్తుంటాను. దిగినాక బస్టాండుకు పరుగెత్తకు, రోడ్డు దాటు చాలు.

నీ ఎదురింటి
భారతి.