కుడిపక్క కుర్చీ

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సురంగల్‌లో మనింటికి ఒకమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ల ఆరోగ్యం పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నారట. నేను ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక్కటీ నన్ను ఆ సంగతి అడగలేదు.

ఆమె ఎడమవైపు కూర్చుంటే మాట వినబడక, కుడిపక్కనున్న నీ కుర్చీలోకి రమ్మన్నాను.

“ఆ చెవికి ఏమైంది తాతా?”

అక్కడే ఉన్న మా తమ్ముడు అందుకున్నాడు. “చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందమ్మా. మా బాపు పట్నం దవాఖానకు గూడ తీస్కపోయిండు. దేవుడసొంటోడు.”

“నీకు దేవుడేరా. నా చెవి పగలగొట్టింది ఆ దేవుడే,” అన్నాను.

వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పోనీ. చచ్చినవాడి పరువు ఇంకెన్నాళ్లు మోయాలి?

నీకు కూడా జ్వరమనే చెప్పాను. పెళ్లైన కొత్తలో బాపు గొంతు పెంచితే నా చెయ్యి దానంతటదే ఎడమ చెంపకు అడ్డం వెళ్లడం నువ్వు చూశావు. ఆనాటి నుంచి చర్చిలోనైనా, చేవెళ్ల బస్సులోనైనా నా కుడిపక్కనే కూర్చున్నావు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

“ఈ సంగతి ఇంట్ల ఎవరికన్న తెలుసా తాతా?” అంది అమ్మాయి.

“నువ్వు కూసున్న కుర్చీ ఎవరిదో, ఆమెకు తెలుసు బిడ్డా. నేను చెప్పకుండనే.”