డెబ్బై మాటల తగ్గుదల గురించి

భాషా విభాగం డీన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విదేశంలో ఒక సంవత్సరం జపనీస్ చదివి వచ్చిన పిమ్మట నా పదసంపద పెరగనందున కోర్సు నుంచి నా పేరు తొలగించుటను గూర్చి మూడవ మనవి.

1. వెళ్లేముందు పెట్టిన పరీక్షలో నాకు వచ్చిన జపనీస్ పదాలు 1,860. తిరిగి వచ్చాక 1,790. కనీసం వెయ్యి పెరగాలని నిబంధన. నాకు డెబ్బై తగ్గినవి. ఈ లెక్కలో పొరపాటు లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. విభాగం గుమాస్తాగారు కాగితం చూసి, "అందరూ మాటలు మూటగట్టుకొస్తే, నువ్వు ఉన్నవి పారేసుకొచ్చావేంటమ్మా" అన్నారు. ఊరు కదలకుండా హాస్టల్ గదిలో కూర్చుని విభాగంవారి పదాల జాబితా బట్టీపట్టిన నా స్నేహితురాలికి పన్నెండు వందలు పెరిగాయి. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

2. నాకు అక్కడ బస కేటాయించినది తమ కార్యాలయమే. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు. కూతురు పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీకి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రాక. పెద్దావిడకు మతిమరుపు జబ్బు. మాటలు ఒక్కొక్కటే పోతున్నాయి. తరగతులు పోగా మిగిలిన సమయమంతా ఆవిడతోనే గడిపితిని.

3. తనకు పోయిన మాట ఎవరైనా అంటే ఆవిడ తప్పుచేసినదానిలా తల దించుకునేది, ఆ పూట ముద్ద ముట్టేది కాదు. కావున ఆవిడ మరిచిన మాట ఆ ఇంట్లో నేనూ అనరాదని నియమం పెట్టుకున్నాను. గొడుగు పోయింది. "వానకి పట్టుకునేది" అన్నాను. తర్వాత వాన కూడా పోయింది. కిటికీ చూపించాను. కొత్తలో కథలు చెప్పుకున్నవాళ్లం, చివరికి నలభై మాటలతో సంసారం ఈదుకొచ్చాం. అదే అలవాటైపోయిందండీ. తమ పరీక్షలో గొడుగు బొమ్మ కింద కూడా "వానకి పట్టుకునేది" అనే రాసి వచ్చాను. సున్నా వేశారు. న్యాయమే.

4. నిబంధనల్లో ఇంటివారి జబ్బుల ప్రస్తావన లేదని తమరు రెండుసార్లు సెలవిచ్చారు. ఒకసారి పేరు తీసేస్తే నాకు మళ్లీ చేరే అర్హత లేదు. కూతురు జపనీస్ టీచరవుతుందని మా నాన్న తన కుట్టుమిషను దగ్గరికొచ్చే ప్రతివాళ్లకీ చెప్పేశాడు. ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. మాటలు నేర్చుకోవడానికి వెళ్లి పోగొట్టుకొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఒక్కసారి, జాబితా పక్కనపెట్టి, మాట మరిచిన ముసలివారెవరి ఎదుటనైనా నన్ను కూర్చోబెట్టి పరీక్షింప వేడుకొనుచున్నాను. కుదరదని తెలుసు. అయినను చిత్తగించవలెను.

పేరు కొట్టివేసేవరకైనా
తమ విధేయురాలు,
మూడో సంవత్సరం జపనీస్ విద్యార్థిని

తా.క.: దీన్ని మడిచి కవరులో పెడుతుండగా పెద్దావిడ కూతురి ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. అందులో ఒక్క మాట నాకు రాలేదు. తమ జాబితాలో వెతికితే 2,316వ నంబరులో దొరికింది: అంత్యక్రియలు. ఈ జన్మకి మరిచిపోను. వెయ్యికి ఒకటి పెరిగిందని రాసుకోండి.