దుంగ దాటాక

ఆదివారం రాత్రి

ఈ రోజు రావులపాలెంలో అడ్డంకుల పరుగు. యాభై దాటిన అమ్మ, తన స్నేహితురాలు సత్యవతత్త పరిగెత్తారు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళాలనే ఉంది, కానీ సిగ్గేసి వాళ్ళ చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

బురదగుంట మీద కొబ్బరిదుంగ వేశారు. పొలాల్లో పంటబోదెల మీద దుంగలు దాటిన అలవాటుతో అమ్మ అందరికంటే ముందు దాటేసింది. వెంటనే వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. మా ఊళ్ళో ముందు దాటినవాళ్ళు అలాగే చేస్తారు.

"పోటీ అండీ, పరిగెత్తండి!" అని ఎవరో అరిచారు.

"ఆయ్, వెళ్తానండి. మా సత్యవతిని రానివ్వండి."

అత్తకే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళకీ చెయ్యందించి, ఆఖరున వచ్చింది.

"చేతికొచ్చిన మెడల్ వదిలేసేవు కదే," అని బస్సులో అత్త దెప్పింది.

"మళ్ళీ వద్దాంలేవే," అంది అమ్మ.

అప్పుడు నా వైపు చూసి ఉంటే, నేనూ వస్తాననేదాన్నేమో.