తిమ్మక్క కొండ

అవ్వా,

స్వరాజ్యం వచ్చింది. మనూరి కొండకు దొర పేరు తీసేసి నాయకుడి పేరు పెట్టాలని నిన్న బడి దగ్గర కూర్చున్నాం.

ఆ దొర పేరు పెట్టించింది నేనే. నేను సర్వే గొలుసు లాగే రోజుల్లో ఆయన కొండ పేరు అడిగితే, మేకలు కాసే నీ పేరు చెప్పడానికి సిగ్గేసింది. "తమరి పేరే పెట్టండి దొరా" అన్నాను.

నిన్న మేకల మస్తాను లేచాడు. "దానికి మీ అవ్వ పేరుండాది కదప్పా! ఆయమ్మ తవ్విన ఊట ఈపొద్దుకూ ఉండాది. చెప్పప్పా."

పక్కన కడప పెద్దమనుషులున్నారు. "అవి మేకలోళ్ల మాటలు లేప్పా" అన్నాను.

ఈరోజు కొండెక్కి బండమీద సున్నంతో నాయకుడి పేరు రాశాను. దిగేటప్పుడు దాహమై, నీ ఊట దగ్గరే వంగి నీళ్లు తాగాను.