ఒంటి తుమ్ము

అక్టోబర్ 6, సోమవారం

జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటారు. నాది మూడు వారాలుగా నడుస్తోంది. అంటే ఇది జలుబు కాదు. ఇవాళ తార్నాకలో ముక్కు డాక్టర్ కూడా అదే తేల్చాడు. పుప్పొడి ఎలర్జీ అట. ఏ చెట్టుది అని అడిగాను. క్యాంపస్ నిండా వయ్యారిభామ, వీధుల నిండా ఏడాకుల చెట్లు, అన్నీ ఇప్పుడే పూస్తాయి, ఏదని చెప్పనమ్మా అన్నాడు. పూలు రాలేదాకా ఓపిక పట్టాలట, లేదంటే ఊరు మారాలట.

ఊరు మారే కదా వచ్చి చచ్చాను. మస్కట్‌లో పుట్టాను, అక్కడే పెరిగాను. నాన్న ఉద్యోగం అక్కడే. మా ఫ్లాట్ల ముందు రెండు ఖర్జూరం చెట్లు, మిగతాదంతా కాంక్రీటు, ఇసుక. నాకు ముక్కు అనేది ఒకటుందని ఎన్నడూ గుర్తు రాలేదు. అందరూ ఇక్కణ్ణుంచి ఫారిన్ పోతారు. నాకు ఇదే ఫారిన్. పీహెచ్‌డీ సీటు వచ్చిందని ఎగిరి గంతేసి, ముక్కూ మొహం తెలియని ఊరికి వచ్చాను. మొహం ఇంకా ఎవరికీ తెలియదు. ముక్కు మాత్రం వీధి మొత్తానికి తెలిసిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది. లలితా, నువ్వక్కడ ఉండలేవు, ఆ చదువేదో ఇక్కడే చదువుకో, వచ్చెయ్ అంది. సరిగ్గా అప్పుడే తుమ్మాను. చూశావా, సత్యం అంది. మాట మధ్యలో ఎవరైనా తుమ్మితే ఆ మాట నిజమై తీరుతుందని అమ్మకి గట్టి నమ్మకం. మా కాకినాడ అమ్మమ్మ నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడిస్తే ముక్కు ఇంకా బిగుసుకుంది.

అక్టోబర్ 9, గురువారం

కళ్లు పీకి చల్లటి నీళ్లలో కడిగి మళ్లీ పెట్టుకోవాలని ఉంది. ఎలర్జీ మాత్ర వేసుకుంటే లైబ్రరీలో నిద్ర. వేసుకోకపోతే లైబ్రరీలోంచి బయటికి.

అక్టోబర్ 12, ఆదివారం

ఇంటివాళ్ల గురించి రాయాలి. లక్ష్మీనర్సయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. భార్య ప్రమీలమ్మగారు. ఇద్దరే ఉంటారు. మెట్ల పక్క గది నాకు అద్దెకిచ్చారు. నా కిటికీ వాళ్ల వీధి గుమ్మాన్ని ఆనుకునే ఉంటుంది. అదే వచ్చిన చిక్కు.

ఆయన బయటికి వెళ్లబోతుండగా నేను తుమ్మానా, వెనక్కొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరతారు. పాల ప్యాకెట్‌కి వెళ్లినా ఇదే తంతు. మొదట్లో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఇవాళ కూర్చోబెట్టి చెప్పారు. సర్వీసులో ఉన్నప్పుడు కండక్టర్ తుమ్మితే ఇంజన్ ఆపేసేవారట. ప్యాసింజర్లు తిట్టినా సరే, దిగి, టీ తాగి ఎక్కేవారట. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంట్ లేదు. డిపోలో శాలువా కప్పారు, ఆ ఫోటో గోడ మీద ఉంది.

అయితే ఒంటి తుమ్ముకే ఇదంతా. వెంటనే రెండోది వస్తే శుభమట, నిక్షేపంగా వెళ్లొచ్చట. అందుకని నేను ఒకటి తుమ్మగానే ఆయన గుమ్మంలో ఆగి, రెండోదాని కోసం చెవి ఒగ్గి నిలబడతారు. క్యాంపస్‌లో గుక్క తిప్పుకోనివ్వవు, వరసగా వస్తాయి. ఇంట్లో మాత్రం ఒక్కటే, అదీ గోడలు అదిరేట్టు. నా ఖర్మ.

ప్రమీలమ్మగారు మిరియాల పాలు తెచ్చిచ్చారు. ఆంటీ ఏంది, పెద్దమ్మ అను బిడ్డా అన్నారు. నాకు నోరు తిరగలేదు. తాగేసి థాంక్యూ ఆంటీ అన్నాను.

అక్టోబర్ 16, గురువారం

లక్ష్మీనర్సయ్యగారికి గుండెలో మూడు చోట్ల బ్లాకులు. స్టెంట్లు పనికిరావట, బైపాస్ చెయ్యాలట. ఇరవై నాలుగున సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో చేరాలి. ఆలస్యం చేస్తే మా పూచీ లేదు అన్నారట డాక్టర్లు. ప్రమీలమ్మగారు మెట్ల మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ ఇదంతా చెప్పారు, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు. చివర్న మాత్రం చాట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు.

"గా పొద్దు మాత్రం జర తుమ్మకు బిడ్డా. ఆయిన అసలే సాకు కోసం సూస్తుండు."

అలాగే అన్నాను. నా చేతిలో ఉన్నట్టు.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. వీధంతా పొగ. తలుపులన్నీ మూసుకుని తడి టవల్ మొహాన వేసుకుని పడుకున్నాను. అమ్మ వీడియోలో దీపాలు చూపించింది. ఇంటికి పోవాలని ఉంది.

అక్టోబర్ 24, శుక్రవారం

నాశనం చేశాను.

తొమ్మిదిన్నరకి బయల్దేరాలి. మల్కాజ్‌గిరి నుంచి కొడుకు కమలాకర్ కారు తెచ్చాడు. నేను మాత్ర వేసుకుని, దిండు మొహానికి అదుముకుని మంచం మీద బిగుసుకుని కూర్చున్నాను. ఆయన చెప్పులేసుకున్న చప్పుడు వినబడింది. తుమ్ము. దిండులోంచి కూడా వీధి వరకూ వెళ్లింది. ఆయన వెనక్కొచ్చి కూర్చున్నారు, నీళ్లు తాగారు, లేచారు. మళ్లీ తుమ్ము, మళ్లీ ఒక్కటే. మళ్లీ కుర్చీ, మళ్లీ చెంబు. మూడోసారి లేచేసరికి అన్ని నీళ్లు తాగిన మనిషికి బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పదిన్నర, రాహుకాలం. పన్నెండు దాటితే గాని కదలనన్నారు. పన్నెండుకి ఆసుపత్రి నుంచి ఫోన్. బెడ్ వేరేవాళ్లకి ఇచ్చేశారట. మళ్లీ నవంబర్ మూడున రమ్మన్నారు.

కమలాకర్ వచ్చి నా తలుపు కొట్టాడు.

"నీ తుమ్ములకు మా బాపు పాణం పోతే ఎవలు జవాబు చెప్పాలె?"

ప్రమీలమ్మగారు వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్లారు. తుమ్ముకీ గుండెకీ ఏం సంబంధమయ్యా అని అరవాలనుంది. కానీ సంబంధం ఉంది. ఆయన నమ్మినంత కాలం ఉంటుంది. నాకు ఆయన మీద కోపం రావాలి కదా, నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆయనకేమన్నా అయితే ఈ ముక్కు పెట్టుకుని నేనెక్కడికి పోను?

అక్టోబర్ 27, సోమవారం

ప్రమీలమ్మగారి చెల్లెలు గోల్నాక నుంచి వచ్చి పసుపు కొమ్ము కాల్చి నాకు పొగ పట్టించింది. వాము మూట వాసన చూడమంది. నుదుటికి శొంఠి పట్టు వేసింది. నుదురు కాలి బొబ్బెక్కింది, ముక్కు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ బొబ్బతోనే సెమినార్‌కి వెళ్లాను. రెండో స్లైడ్ దాటలేకపోయాను. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుందమ్మా అని మా గైడ్ సోమయాజులుగారు నవ్వారు. ఊడితే సుఖం సార్ అన్నాను. అందరూ నవ్వారు. నేను నిజంగానే అన్నాను.

అమ్మ టికెట్ కొనేసింది. పదో తారీఖుకి.

అక్టోబర్ 30, గురువారం

కిటికీ మూసే ఉంచుతున్నా ఇంట్లో తుమ్ములు ఎందుకు తగ్గట్లేదో ఇవాళ తెలిసింది.

తల పగిలిపోతుంటే క్యాంపస్ నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. నా కిటికీ చువ్వలకి బయటి వైపు ఏడాకుల పూల గుత్తులు కట్టి ఉన్నాయి. కిటికీ రెక్క ఎలాగూ సరిగా పడదు. వాడిపోయినవి కింద, తాజావి పైన. లక్ష్మీనర్సయ్యగారు స్టూల్ ఎక్కి ఇంకో గుత్తికి దారం ముడి వేస్తున్నారు.

ఒళ్లు మండిపోయింది. పెద్దాయన అని కూడా చూడకుండా, ఏం పని అంకుల్ ఇది, మీకేం పాపం చేశాను అని కేకలేశాను. ఆయన స్టూల్ దిగారు. ఆ కాస్తకే ఆయాసం వచ్చింది. మెట్టు మీద కూలబడ్డారు. నా కోపమంతా భయమైపోయింది. నీళ్లు తెచ్చిచ్చాను.

"భయమైతాంది బిడ్డా" అన్నారు. "ఛాతి కోసి తెరుస్తరట. శ్రీశైలం ఘాట్ల బ్రేకులు పట్టకపోయినా గింత భయపడలే. గాడ స్టీరింగ్ నా చేతిల ఉండె."

తర్వాత నేలకేసి చూస్తూ అడిగారు. మూడో తారీఖు కూడా ఒక్క తుమ్ము తుమ్మమని. ఒక్కటే చాలట. ప్రమీలకి చెప్పొద్దన్నారు. శాలువా కప్పించుకున్న మనిషేనా ఈయన అనిపించింది. చెప్పను అన్నాను. తుమ్ముతానని మాత్రం అనలేదు.

పూలన్నీ పీకి వీధి చివర పారేసి వచ్చాను. వెళ్తూ తుమ్ములే, వస్తూ తుమ్ములే.

నవంబర్ 2, ఆదివారం

ఆవిడ తుమ్మొద్దంటుంది. ఆయన తుమ్మమంటాడు. మధ్యలో ముక్కు నాది. రేపు రెండు మాత్రలు వేసుకుంటాను. పడి నిద్రపోయినా సరే.

నవంబర్ 3, సోమవారం

తొమ్మిది దాటాక బయల్దేరారు. ఈసారి గదిలో దాక్కోలేదు, వరండాలోకి వచ్చి నిలబడ్డాను. రెండు మాత్రలకి కాళ్లు తేలిపోతున్నాయి, ముక్కు మాత్రం పొడిగా ఉంది. ఆయన చెప్పులేసుకుంటూ నా వైపే చూశారు. పరీక్ష హాల్లో చీటీ అడిగే పిల్లాడి చూపు. తల దించుకున్నాను.

ఆయన ఒక కాలు గుమ్మం దాటింది. అప్పుడొచ్చింది, చెప్పాపెట్టకుండా. ఒక్కటి. కావాలని కాదు, ఒట్టు.

ఆయన మొహం వెలిగిపోయింది. కాలు వెనక్కి తీసుకున్నారు. అయినా న్యాయంగా, ఎప్పటిలాగే, రెండోదాని కోసం చెవి ఒగ్గి నిలబడ్డారు. నేను ఎండకేసి చూశాను, చున్నీ కొస మెలిపెట్టి ముక్కులో దోపుకున్నాను. రాదే. కమలాకర్ కారు మీద తల ఆన్చేశాడు.

అప్పుడు ప్రమీలమ్మగారు తుమ్మారు. హాఛ్ అని, ఒకటో తరగతి వాచకం చదివినట్టు, అక్షరం అక్షరం. లోకంలో ఎవరూ అలా తుమ్మి ఉండరు.

"రెండైనయి. ఇగ నడువు."

ఆయన ఆవిడ మొహంకేసి చూశారు. నవ్వు ఆపుకోబోయారు, ఆగలేదు. అలా నవ్వుతూనే వెళ్లి కారెక్కారు. ఆవిడ కొంగు తలుపులో పడితే ఆయనే తీసి లోపలికి పెట్టారు.

నవంబర్ 4, మంగళవారం

ఆపరేషన్ అయిందట. సాయంత్రమైంది. ఇంతకన్నా ఏమీ తెలియదు.

నవంబర్ 6, గురువారం

ఇంకా కళ్లు తెరవలేదు. మత్తు నిన్ననే దిగి ఉండాలి. డాక్టర్ ఇవాళ పక్కకి చూస్తూ మాట్లాడాడని కమలాకర్ చెప్పాడు. అతను నాతో మామూలుగా మాట్లాడడం ఇదే మొదలు.

ప్రమీలమ్మగారికి అన్నం తీసుకెళ్లాను. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఉన్నారు. డబ్బా మూత కూడా తియ్యలేదు.

"నాది దొంగ తుమ్ము బిడ్డా" అన్నారు. "ఆయినకు ఎరుకే. నా మొకం జూసి పోయిండు. అసలుది నీది ఒక్కటే."

నేను చదువుకున్నదంతా చెప్పాను. తుమ్ముకీ దీనికీ సంబంధం లేదని, నాది పుప్పొడి అని. బుద్ధిగా తలూపారు. నా మాట ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. అప్పుడు మా అమ్మ సంగతి చెప్పాను, మాట మధ్యలో తుమ్మితే సత్యం అంటుందని. ఆవిడ చటుక్కున తలెత్తారు. మా దిక్కు గూడ గంతే, సత్తెం అంటరు అన్నారు. కొంగుతో మొహం తుడుచుకుని, సర్దుకుని కూర్చుని, నా కళ్లలోకి చూస్తూ ఒక మాట అన్నారు. ఆయిన మంచిగై ఇంటికొస్తడు. అని ఆగారు.

నేను తుమ్మాలి.

రాలేదు. లోపల ఏసీ, ఫినాయిల్ వాసన, ఎక్కడా పిసరంత దుమ్ము లేదు. నన్ను పీక్కుతిన్న ముక్కు హాయిగా గాలి పీలుస్తోంది. ఆవిడ మళ్లీ అన్నారు. మళ్లీ ఆగారు. చున్నీ కొస, జడ కొస, అన్నీ అయ్యాయి. చివరికి ఉత్తుత్తిది తుమ్మబోయాను. నా నోటి మీద చెయ్యి పెట్టేశారు. వద్దు బిడ్డా, ఇంకో దొంగది వద్దు అన్నారు.

బస్సులో వస్తూ అమ్మకి ఫోన్ చేశాను. పదో తారీఖున రావట్లేదన్నాను. ఎందుకే అంది. ఇక్కడ నా తుమ్ముతో పనుంది అన్నాను. జ్వరం ఏమైనా ఉందా అని అడిగింది.

నవంబర్ 7, శుక్రవారం

మాత్ర వేసుకోలేదు. ఆసుపత్రి గేటు బయట ఏడాకుల చెట్టు ఉంది, విరగబూసి ఉంది. ప్రమీలమ్మగారిని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చాను. అందిన కొమ్మ వంచి, మొహం పూలలో పెట్టేశాను.

నిన్నటి మాట ఇప్పుడు అను పెద్దమ్మా అన్నాను.

అంది.

ఎన్ని వచ్చాయో తెలియదు. కింద కూలబడ్డాను. వీపు మీద ఆవిడ చెయ్యి. ఒక్కో తుమ్ముకీ ఒక్కో మాట.

"సత్తెం."

"సత్తెం."